ముహూర్తం నుండి వెనుకకు లెక్క
(ఆలయ జీర్ణోద్ధరణ కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆలయ సంచికలో కాలప్రణాళికను గూర్చిన ప్రసంగం ఏమిటని మీకు సందేహం కలుగవచ్చును. జీర్ణోద్ధరణ అనగానే భక్తి, విరాళం, శిల్పుల నైపుణ్యం మనకు స్ఫురిస్తాయి. ఈ మూడూ సమృద్ధిగా ఉండి కూడా స్వామి ఏళ్ల తరబడి బాలాలయంలోనే ఉండిపోయిన ఊళ్లను మీరూ చూచి ఉంటారు. అక్కడ లోపించినది చాలాసార్లు ధనం కాదు, భక్తి అంతకన్నా కాదు. ఏ పని ఎప్పుడు మొదలు కావాలి, ఏది దేనికోసం ఆగాలి అన్న లెక్క లోపించినది. ఆ లెక్కను గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఇల్లు కట్టుకొనేవారు గృహప్రవేశాన్ని ఒక నెల వాయిదా వేసుకోగలరు. కుంభాభిషేక ముహూర్తం అట్లు జరగదు. మూఢాలు, శూన్యమాసాలు తప్పించి, తిథి, వార, నక్షత్రాలు కుదిరి, ఆగమ పండితులు నిర్ణయించిన లగ్నం దాటితే మరల తగిన ముహూర్తానికి నెలలు పట్టవచ్చును. అంతవరకు స్వామి బాలాలయంలోనే ఉండాలి. గర్భాలయ దర్శనం కోరి వచ్చే వృద్ధులలో అప్పటివరకు ఎందరుంటారో ఎవరు చెప్పగలరు? కనుక మన లెక్క నేటి నుండి ముందుకు కాక, ముహూర్తం నుండి వెనుకకు సాగాలి.

ఈ శాస్త్రం పెరిగిన తీరును క్లుప్తంగా చెప్పుకొందాము. 1910వ దశకంలో హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజనీరు ఒక్కొక్క పనిని ఒక్కొక్క అడ్డగీతగా, దాని పొడవును కాలంగా చూపే పటాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. చూడగానే బోధపడుతుంది గనుక నేటికీ అది వాడుకలో ఉన్నది. అయితే ఒక పని ఆగితే ఏయే పనులు ఆగుతాయో ఆ గీతలు తమంతట తాము చెప్పలేవు. ఆ లోటును 1957లో డ్యూపాంట్ సంస్థకు చెందిన మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ సంస్థకు చెందిన జేమ్స్ కెల్లీ కలిసి తీర్చారు. వారు రూపొందించినదే క్రిటికల్ పాత్ పద్ధతి. దీనిని మనం కీలక మార్గం అనవచ్చును. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే పద్ధతిని తెచ్చింది.

ఈ పద్ధతులు మన ఆలయానికి ఎట్లా పనికివస్తాయో ఒక ఊహాలెక్కతో చూడండి. ముహూర్తానికి 150 రోజులున్నాయనుకొందాము. విమానం పనిలో పరంజా కట్టడానికి 10 రోజులు, పాత పూతలు గీకి పగుళ్లు పూడ్చడానికి 25, బొమ్మలకు 45, అవి ఆరడానికి 20, రంగులకు 25, పరంజా విప్పడానికి 5, వెరసి 130 రోజులు. ముఖమండపం పనిలో పునాదికి 20, స్తంభాలకు 25, సెంట్రింగు, ఇనుము, కాంక్రీటు పనులకు 15, కప్పు కింది ఊతలు తీసేవరకు 14, నేలపై బండలకు 26, వెరసి 100 రోజులు. ఈ రెండూ పూర్తయిన పిమ్మట శుభ్రపరచడానికి, యాగశాలకు, క్రతువులకు 10 రోజులు కావాలి.

విమానం, మండపం పనులు ఒకేసారి సాగుతాయి గనుక వాటిని కూడరాదు. పొడవైన మార్గాన్నే తీసుకోవాలి. 130కి 10 కలిపితే 140 రోజులు. మనకు మిగిలే వెసులుబాటు 10 రోజులు మాత్రమే. విమానమే ఇక్కడ కీలక మార్గం. మండపం పనికి దానికన్నా 30 రోజులు అదనంగా వీలున్నది. మండపం ఇరవై రోజులు వెనుకబడినా ముహూర్తానికి భంగం లేదు. విమానం మీది బొమ్మలు రెండు రోజులు వెనుకబడితే ఆ రెండు రోజులూ మన వెసులుబాటులో నుండే పోతాయి. కాని వాస్తవంలో ఏమి జరుగుతుంది? మండపం అందరి కళ్లకూ ఎదురుగా ఉంటుంది. అక్కడ రెండు రోజులు పని ఆగితే కమిటీలో పెద్ద చర్చ. విమానంపై ఏమి జరుగుతున్నదో చూడడానికి పరంజా ఎక్కేవారు ఉండరు. కీలక మార్గం తెలిస్తే మన దృష్టి నిలువవలసిన చోట నిలుస్తుంది.

బొమ్మలకు 45 రోజులు అని ఎట్లా అన్నాము? దీనికి పెర్ట్‌లో చక్కని సూత్రమున్నది. స్థపతిని ఒక్క అంకె అడగకండి, మూడు అడగండి. అన్నీ కలిసివస్తే 36, మామూలుగా 42, వానలు పడి మనుషులు దొరకకపోతే 66 అని ఆయన అన్నాడనుకోండి. మామూలు అంకెను నాలుగింతలు చేసి, తక్కిన రెండూ కలిపి ఆరుతో భాగిస్తే 45 వస్తుంది. ఒక్క అంకె అడిగితే మొహమాటానికి చిన్న అంకె చెబుతారు. మూడు అడిగితే ఆయన మనస్సులోని భయాలు కూడా బయటకు వస్తాయి. వానలన్నాడు గనుక ముందే టార్పాలిన్లు తెచ్చి ఉంచుకోవచ్చును.

ప్రణాళిక వేయడం సగం పని. నియంత్రణ మిగతా సగం. "దాదాపు అయిపోవచ్చిందండీ" అన్న మాటను కొలతగా స్వీకరించకండి. బొమ్మలు 30 అయితే, పూర్తయినవెన్ని అని లెక్కించండి; సగం చేసినవాటిని చేర్చకండి. పదిహేనవ రోజుకు 10 కావలసినవి 7 అయినాయనుకొందాము. ఇదే వేగంతో 30 బొమ్మలకు సుమారు 64 రోజులు పడుతుంది. అంటే 19 రోజుల జాప్యం. వెసులుబాటు 10 పోగా ముహూర్తాన్ని 9 రోజులు దాటిపోతాము. ఈ సంగతి పదిహేనవ రోజునే తెలిస్తే దిద్దుకొనే వ్యవధి ఉన్నది. నలభయ్యో రోజున తెలిస్తే కంగారు తప్ప మరేమీ మిగలదు.

దిద్దుబాటు ఎట్లా? ఒకే పరంజాపై మనుషులను కిక్కిరిస్తే పని పెరగదు, ఒకరికొకరు అడ్డుతగులుతారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించాడు. మరొక శిల్పి బృందాన్ని తెచ్చి విమానం రెండవ పార్శ్వాన్ని వారికి అప్పగించండి. పై అంతస్తు నుండి దిగుతూ పని చేయించి, పైన బాగా ఆరిన చోట రంగులు మొదలుపెట్టండి.

కాని ఒక్కటి మాత్రం చేయకండి. ఆరే కాలాన్ని కోయకండి. కాంక్రీటు నిర్మాణాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం, 4.5 మీటర్ల లోపు కప్పుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు సాధారణంగా ఊతలు ఉంచాలి. 6 మీటర్లు మించిన దూలాలకు 21 రోజులు. సిమెంటు మన తొందరను ఎరుగదు. ముహూర్తానికి అందించాలని ఊతలు ముందే లాగివేస్తే, మహోత్సవం నాడు ఆ కప్పు కింద నిలిచేది వందలాది భక్తులు. అంతకన్నా మండపంపై పందిరి వేసి కార్యం జరిపించుకొని, మిగిలిన పని తరువాత చేసుకోవడం ఉత్తమం. దేనిని వాయిదా వేయవచ్చునో, దేనిని వేయరాదో ప్రణాళికలోనే వ్రాసి పెట్టుకొనండి.

గడువుతో పోటీపడి ఆలయాన్ని కాపాడిన ఉదాహరణ ఈజిప్టులో ఉన్నది. ఆస్వాన్ ఎత్తయిన ఆనకట్ట వల్ల నైలు నీరు అబూ సింబెల్ ఆలయాలను ముంచుతుందని తెలిసి, యునెస్కో 1960లో ప్రపంచానికి విజ్ఞప్తి చేసింది. 1964లో పనులు మొదలైనాయి. పెరిగే నీరే అక్కడ ముహూర్తం. అది ఎవరి మాటా వినదు. అందువలన మొదట ఆలయం ముందు తాత్కాలిక అడ్డుకట్ట కట్టి వ్యవధిని సంపాదించుకొన్నారు. ఆ వెనుక ఆలయాలను వెయ్యికి పైగా రాతి ఖండాలుగా కోసి, ప్రతిదానికి సంఖ్య వేసి, సుమారు 65 మీటర్ల ఎత్తుకు చేర్చి, 1968 సెప్టెంబరు నాటికి నిలిపారు. మన నాగార్జునకొండలోనూ ఇదే కథ. సాగర్ జలాశయం నిండకముందే 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్య కట్టడాలు కొన్నింటిని కొండపైన తిరిగి నిర్మించారు. నేడు ఆ కొండ ఒక ద్వీపం.

కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివిన ఇ. శ్రీధరన్ కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో పనులలో గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపే వెనుకనడక గడియారాలను ఏర్పాటు చేయించిన సంగతి సుప్రసిద్ధం. మన ఆలయ ప్రాంగణానికి గడియారం అక్కరలేదు. బాలాలయం పక్కన ఒక నల్లబల్ల చాలును. "ముహూర్తానికి ఇన్ని రోజులు, విమానంపై పూర్తయిన బొమ్మలు ఇన్ని" అని ప్రతి ఉదయం వ్రాయించండి. దర్శనానికి వచ్చిన ప్రతి భక్తుడూ చదువుతాడు. విరాళం ఇస్తానన్న దాత కూడా చదువుతాడు. రాతికి బయానా ఎప్పుడు కట్టాలో ఆయనకు చెప్పకయే తెలుస్తుంది.

చివరగా ఒక విన్నపం. మహోత్సవం ముగిసిన మరునాడు ఈ కాగితాలను పారవేయకండి. ఏ పనికి ఎన్ని రోజులు అనుకొన్నాము, ఎన్ని పట్టినాయి, ఎందువలన అనే మూడు గడుల పట్టికను ఆలయ దస్తావేజులతో పాటు భద్రపరచండి. పన్నెండేళ్లకో, ఆపైననో ఈ విమానంపై మరల పరంజా కట్టే రోజు వస్తుంది. అప్పటి కార్యకర్తలు నేటి మన పిల్లలే. వారి చేతికి గోపురంతో పాటు ఈ లెక్క కూడా అందినట్లయితే, స్వామి బాలాలయంలో ఉండవలసిన రోజులు ఆ మేరకు తగ్గుతాయి.

స్వస్తి.