కుట్లు మానేదాకా తోడుందాం



బిడ్డ పుట్టిన ఇంట కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకుంటాం. బిడ్డను ఎత్తుకుని దీవిస్తాం. పెద్ద ఆపరేషన్ అయిన తల్లి గాయం ఎలా ఉందని మాత్రం అడగం. బెంగళూరులోని ఒక తెలుగు బస్తీలో మేమూ అలాగే ప్రార్థించి వచ్చేశాం. అప్పటికే ఆ చెల్లికి రెండు రోజులుగా జ్వరం. కుట్ల దగ్గర చీము. "పథ్యం తప్పావు" అని ఇంట్లోవాళ్లు ఆమెనే నిందించారు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి గాయం విచ్చుకుంది. ఎప్పుడు వెంటనే రావాలో డిశ్చార్జి చీటీలో రాసే ఉంది, కన్నడంలో, ఇంగ్లిషులో. ఆమెకు ఆ రెండూ చదవడం రాదు. చదవగల మన పిల్లలు పక్క వీధిలోనే ఉన్నారు.

చీము పట్టేది పథ్యం తప్పినందుకు కాదు, గాయంలో క్రిములు చేరినందుకు. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింతల మరణాలు బాగా తగ్గాయి. అయినా తోటి వైద్యులు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. తప్పు తల్లిది కాదు, మన చేతులదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

ఆపరేషన్‌లో కోత పెట్టకముందే, గంటలోపు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి. వెంట్రుకలు తీయాల్సి వస్తే బ్లేడు వాడకూడదు. ఆ గీతల్లోంచి క్రిములు చేరతాయి. షుగరు, రక్తహీనత ఉంటే ముప్పు ఎక్కువ గనుక ముందే చూపించుకోవాలి. వీటి గురించి అడగడం ఎదురుతిరగడం కాదు, తల్లి హక్కు. జననీ శిశు సురక్షా కార్యక్రమం 2011లో మొదలైంది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సిజేరియన్, మందులు, 7 రోజుల వరకు భోజనం ఉచితం.

ఇంటికొచ్చాక సబ్బుతో చేతులు కడిగాకే గాయాన్ని ముట్టుకోవాలి. దాన్ని శుభ్రంగా, పొడిగా ఉంచాలి. పసుపు, నూనె, పౌడరు పూయొద్దు. పథ్యం పేరుతో బాలింతను ఎండగట్టొద్దు. నీళ్లు, పప్పు, గుడ్డు, ఆకుకూర పెట్టండి. ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, పెరిగే నొప్పి, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

యువతీ యువకులారా, ఆ చీటీ తీసుకుని తెలుగులో చదివి వినిపించండి. ఆసుపత్రికి వెంట వెళ్లండి, డాక్టరు మాట ఆమెకు, ఆమె బాధ డాక్టరుకు చెప్పండి. సమరయుడు దారిపక్కన పడి ఉన్నవాణ్ని చూసి జాలిపడి ఊరుకోలేదు. గాయాలు కట్టాడు, సత్రానికి చేర్చాడు, ఖర్చూ పెట్టుకున్నాడు. ఇకపై మనం ప్రార్థనకు వెళ్లిన ఇంట ముందు చేతులు కడుక్కుందాం. ఆ తర్వాత తల్లిని అడుగుదాం: "అమ్మా, కుట్లు ఎలా ఉన్నాయి?"