‘మోకాలికి సూది’ అంటే ఏ సూది?



ఉపాధి కొరకు శ్రీకాకుళం ప్రాంతాల నుండి బరంపురానికి, గంజాం జిల్లాకు వచ్చి స్థిరపడినవారిలో, మోకాలి లిగమెంటు తెగి శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఉన్నారు. నొప్పి తగ్గకపోతే వారికి కలిగే సందేహం ఒక్కటే: “కీలులోకి సూది వేయించుకుంటే పోతుందా?” తెలుగులో సూది, ఒడియాలో ఛుంచి. రెండు భాషలలోనూ ఒక్క మాటతో సరిపెట్టుకుంటాము. లోపలికి వెళ్ళే మందు మాత్రం ఒక్కటి కాదు.

మొదటిది స్టెరాయిడ్. ఇది వాపును అణచి కొన్ని వారాలు ఉపశమనమిస్తుంది. మధుమేహం ఉన్నవారికి దీనివలన కొన్ని రోజులు రక్తంలో చక్కెర పెరుగుతుంది. శస్త్రచికిత్స జరిగిన తొలి రోజులలో క్రిములు సోకే ప్రమాదముంది. కీళ్ళ అరుగుదల గల 140 మందిపై అమెరికాలో జరిగి, 2017లో వెలువడిన పరిశోధనలో, రెండేళ్ళపాటు 12 వారాలకొకసారి ఈ సూది వేయించుకున్నవారికి మృదులాస్థి ఎక్కువగా తరిగింది. నొప్పి మాత్రం ఉప్పునీటి సూది పొందినవారికంటె తగ్గలేదు.

రెండవది హైలురోనిక్ ఆమ్లం. కీలులోని సహజమైన జిగట ద్రవాన్ని పోలిన ఈ మందును ముఖ్యంగా అరుగుదలకు వాడతారు. మూడవది పీఆర్‌పీ, అనగా రోగి రక్తం నుండే వేరుచేసిన ప్లేట్‌లెట్ల ద్రవం. దీని ఫలితం అందరికీ ఒకే విధంగా ఉండదు.

ఈ మూడింటిలో ఏదియు అమర్చిన లిగమెంటును బిగించదు, తొడ కండరానికి బలమివ్వదు. తొలి వారాల నొప్పికి వైద్యుడు వ్రాసిన మాత్రలు, గుడ్డలో చుట్టిన మంచుగడ్డ, కాలిని ఎత్తుగా ఉంచుకొనుట, నేర్పిన వ్యాయామం ఆధారం. సూదితో నొప్పి తగ్గినంత మాత్రాన బరువులు మోయరాదు. ఆటలలోకి తిరిగి దిగుటకు సాధారణంగా కనీసం 9 నెలలు ఆగమంటారు.

కావున 1962లో ఆరంభమైన మన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్ళినా, మరే వైద్యుని వద్దకు వెళ్ళినా, మూడు సంగతులు అడగండి: మందు పేరేమిటి? ఎందుకు వేస్తున్నారు? మళ్ళీ ఎప్పుడు? పేరును, తేదీని చీటీపై వ్రాయించుకోండి. భాష అడ్డమైతే ఒడియా తెలిసినవారిని వెంట తీసుకువెళ్ళండి. మీ మధుమేహాన్ని, వాడే మందులను ముందే చెప్పండి.

జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రబడి వేడెక్కినా, పిక్క వాచి నొప్పిపెట్టినా మరునాటి కొరకు ఆగవద్దు. ఆనాడే ఆసుపత్రికి వెళ్ళండి. ఊరు మారి మరొక వైద్యుని చూడవలసి వచ్చినపుడు “సూది వేశారు” అన్న మాట చాలదు. ఆ చీటీయే మీ పక్షాన మాట్లాడుతుంది.