జాంగోతో వెబ్‌పుట కట్టుట: తొలిపాఠము

నేటి ప్రసంగవిషయము జాంగో. పైథాను భాషలో వెబ్‌పుటలను నిర్మించుటకు కూర్చిన సాధనసముదాయమిది. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున, లారెన్సు పట్టణమందలి యొక వార్తాపత్రిక కార్యాలయమున, 2003లో ఏడ్రియన్ హోలొవాటి, సైమన్ విల్లిసన్ అను నిరువురు దీనికి అంకురార్పణ చేసిరి. 2005లో ఇది లోకమునకు ఉచితముగా లభించెను. జాంగో రైన్‌హార్ట్ అను గిటారు విద్వాంసుని పేరే దీనికి పెట్టిరి.

సాలూరువారికి దీనితో నేమి పని యని యడుగుదురేమో. వెబ్‌పుటను పంపుటకు రెండు పద్ధతులు కలవు. అతిథి యింటికి బియ్యము, పప్పు, కట్టెలు పంపి, వండుకొనుమనుట యొకటి. వంట మన యింటనే ముగించి వడ్డించిన విస్తరిని పంపుట రెండవది. మొదటి పద్ధతిలో శ్రమ చేతిఫోనుది, రెండవదానిలో సర్వరుది. జాంగో సహజముగా రెండవ మార్గమున నడచును. కొండమీద సిగ్నలు సన్నగిల్లుచోట, చవుక ఫోను గల రైతు చింతపండు ధర తెలియగోరెననుకొందము. వడ్డించిన విస్తరియే యాతనికి మేలు. పుట తెరచుకొనకున్నచో వర్తకుడు చెప్పినదే ధర యగును.

చిన్నయసూరి బాలవ్యాకరణమును సంజ్ఞాపరిచ్ఛేదముతో నారంభించెను. మనమును సంజ్ఞలతోనే యారంభింతము. ఏ చిరునామా కోరినవారిని ఎచటికి పంపవలయునో తెలుపు పట్టిక యూఆర్‌ఎల్. కోరికను విని ప్రత్యుత్తరమును సిద్ధపరచునది వ్యూ. సమాచారమును దాచుకొను స్వరూపము మోడల్. పుటకు అచ్చు టెంప్లేట్. రైతు కోరిక పట్టికను దాటి వ్యూను చేరును. వ్యూ మోడల్ నడిగి ధరలు తెచ్చి, అచ్చులో పోసి, సిద్ధమైన పుటను పంపును. ఈ దారి బోధపడినచో సగము విద్య వచ్చినట్లే.

ఇక అభ్యాసము. పైథానును స్థాపించి, ఈ పనికి ప్రత్యేక పరిసరము నేర్పరచి, పిప్ ద్వారా జాంగోను తెచ్చుకొనుడు. స్టార్ట్‌ప్రాజెక్ట్ ఆజ్ఞతో పని మొదలిడి, రన్‌సర్వర్ ఆజ్ఞనిచ్చి, బ్రౌజరులో 127.0.0.1:8000 చూడుడు. రాకెట్టు బొమ్మ కనబడినచో నారంభము కుదిరినట్లు. పిమ్మట స్టార్ట్‌యాప్ ఆజ్ఞతో 'సంత' యను నొక భాగమును కల్పించి, దాని పేరు సెట్టింగులలో చేర్చుడు. తొలినాడు ఒక చిరునామా, ఒక వ్యూ, ఒక టెంప్లేటు చాలును. 'సాలూరు సంత' యను మాట తెరపై కనబడిన పిమ్మటనే ముందుకు సాగుడు.

మరునాడు సరుకు, ధర, తేదీ అను మూడంశములతో మోడల్ వ్రాయుడు. మేక్‌మైగ్రేషన్స్ మార్పును లిఖించును. మైగ్రేట్ దానిని దత్తాంశనిధిలో నెలకొల్పును. ఎస్‌క్యూలైట్ నిధి ముందే యమరియున్నది కనుక వేరొకటి వెదకనక్కరలేదు. మోడలును నమోదు చేసినచో, ధరలు నింపువారికి అడ్మిను గది సిద్ధముగా దొరకును. సెట్టింగులలో భాషాసంకేతమును 'టీఈ' అని మార్చినచో నా గదిలోని మాటలు కొన్ని తెలుగున కనబడును.

పుటను లోకమున కర్పించునపుడు డీబగ్ మాన్పవలయును. రహస్యపుకీలకమును ఎవరికిని చూపరాదు. రన్‌సర్వర్ అభ్యాసమునకే గాని బహిరంగసేవకు తగదు. అన్నిటికంటె ముఖ్యము తేదీ. ప్రతి ధర ప్రక్కను తేదీ యుండితీరవలయును. గతవారపు ధరను నేటిదిగా నమ్మి రైతు మూట దింపుకొన్నచో, ఆ నష్టమును ఏ యంత్రమును తీర్చజాలదు. కావున మొదట తేదీని చూపు వరుసను వ్రాసి, పిదపనే రంగులు దిద్దుడు. సెలవు.