ముందు చెయ్యి పెట్టి చూడండి

డాక్టరు పట్టాలు అందుకున్న మీకూ, మిమ్మల్ని ఇంతదాకా చదివించిన అమ్మానాన్నలకూ అభినందనలు. రాయగడలో పెరిగినవాణ్ని, తెలుగులోనే మాట్లాడతాను.

నాకున్నది ఒకటే బెంగ. డొక్కలో నొప్పని వచ్చిన మనిషిని పడుకోబెట్టి పొట్ట తడమకుండానే గ్యాస్ బిళ్ల రాసి పంపేస్తున్నారు.

పక్కటెముకల కింద ఏమేం ఉంటాయో మీకు తెలుసు. కానీ ఈ కోరాపుట్, రాయగడ కొండల్లో ఎడమ డొక్క నొప్పంటే ముందు ప్లీహం గుర్తుకు రావాలి. అది పెరిగితే ఊళ్లో బల్ల అంటారు. దానికి మలేరియా ఒక కారణం, సికిల్ సెల్ జబ్బు మరొకటి. సికిల్ పిల్లల్లో ప్లీహం చిన్నతనంలోనే ఎండిపోతుందని పుస్తకాల్లో చదివారు. కానీ మన ఒడిశా సికిల్ రోగుల్లో పిండదశ హిమోగ్లోబిన్ ఎక్కువ. అందుకే చాలామందికి పెద్దయ్యాక కూడా ప్లీహం పెద్దగానే ఉండిపోతుంది. బుర్లా వైద్యులు, జమైకాలో పనిచేసిన గ్రాహమ్ సర్జెంట్‌తో కలిసి 1986లోనే లాన్సెట్ వైద్య పత్రికలో ఈ సంగతి రాశారు.

నా దగ్గరికి కాశీపూర్ వైపు నుంచి నాలుగేళ్ల పిల్లను తెచ్చారు. ఎడమ డొక్క మీద ఇనుము కాల్చి పెట్టిన వాతలు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దారిలో ఎవరో గ్యాస్ మందు ఇచ్చారట. వాతలు తగలకుండా పక్కనుంచి వేళ్లు జరిపితే ప్లీహం అంచు బొడ్డు దగ్గర తగిలింది. కింది కనురెప్ప దించితే సున్నంలా తెలుపు. ఒంట్లోని రక్తమంతా ప్లీహంలోకి చేరి నిలిచిపోతోంది. వెంటనే రక్తం ఎక్కించాం, బతికింది. వాత పెట్టిన నాయనమ్మను సిస్టర్ తిట్టబోతే ఆపాను. వాతలు మానిపించాల్సిందే. కానీ నొప్పి ఉన్నచోట చెయ్యి వేసి చూసింది అప్పటిదాకా ఆ ముసలమ్మ ఒక్కతే.

జమైకాలో సికిల్ పిల్లల తల్లులకే ప్లీహం తడమడం నేర్పి పిల్లల చావులు తగ్గించారు. అక్షరం రాని తల్లి నేర్చుకోగలిగిన పనికి డాక్టరు చదివిన మీకు తీరిక లేదంటే ఎలాగర్రా? స్కాన్ కోసం విశాఖ వెళ్లమని చీటీ చేతిలో పెడతారు. ఘాట్ దిగి వెళ్లి వచ్చేసరికి ఆ ఇంట్లో వారం కూలి పోతుంది. స్కాన్ వద్దనను. అవసరమని ముందు మీ చేత్తో తేల్చుకోండి.

2017లో మలేరియాను అరికట్టే ‘దమన్’ కార్యక్రమం వచ్చాక, జ్వరం లేనివాళ్లకు కూడా ఊరూరా రక్తపరీక్ష చేసి మందిచ్చారు. మలేరియా బాగా తగ్గింది, సంతోషం. నా భయమల్లా, పెద్ద ప్లీహాలు అరుదైపోయి మీరు వెతకడమే మానేస్తారని.

కుడివైపు మాట త్వరగా చెబుతాను. సికిల్ ఉన్న బడిపిల్లలకు కూడా పిత్తాశయంలో రాళ్లు వస్తాయి. జ్వరంతో కుడి డొక్క నొప్పంటే కాలేయంలో చీముగడ్డ కావచ్చు, ఊపిరితిత్తి అడుగున న్యుమోనియా కావచ్చు. నెలలు నిండుతున్న గర్భిణి అక్కడ నొప్పంటే ఆ క్షణమే బీపీ చూడండి. గుర్రపు వాతం ముంచుకొస్తుందేమో, కాలేయం దెబ్బతింటోందేమో. పొట్ట పైభాగాన నడిమధ్య నొప్పితో చెమటలు పట్టిన మనిషికి ఈసీజీ తియ్యకుండా యాంటాసిడ్ ఇచ్చారని తెలిస్తే మాత్రం నేనే వచ్చి మీ చెవి మెలిపెడతాను.

జీవితమంతా ఇక్కడే ఉండిపొమ్మని అడగను. పై చదువులకు వెళ్లండి, పట్నాల్లో పేరు తెచ్చుకోండి. ఎక్కడున్నా, గ్యాస్ అని రాయబోయే ముందు రోగిని పడుకోబెట్టండి. మోకాళ్లు ముడవమనండి. అరచేతులు రుద్దుకుని వెచ్చచేసుకోండి. కుడి పొత్తికడుపు నుంచి మొదలుపెట్టి ఎడమ పక్కటెముకల దాకా, ఊపిరి ఊపిరికీ వేళ్లు జరుపుతూ వెళ్లండి. ఆ తర్వాతే కలం తియ్యండి.