ఓడినవాళ్లకూ కుర్చీ వేసే దేశం

మార్చి 12 మారిషస్ జాతీయ దినోత్సవం. ఆ సందర్భంగా అక్కడి ప్రభుత్వం ఎలా నడుస్తుందో కాస్త చెప్పమన్నారు. చెరుకు తోటలు, ఒప్పంద కూలీలు, కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన మనవాళ్లు, 1901లో గాంధీగారు ఆ దీవిలో దిగడం, ఇవన్నీ మీరు చాలాసార్లు విన్నవే. అందుకని తిన్నగా అసెంబ్లీకి వెళ్లిపోదాం.

ముందు రెండు పొరపాటు నమ్మకాలు సరిచేయాలి. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది కాబట్టి అదే రోజు రిపబ్లిక్ కూడా అయిందని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లపాటు దేశాధినేత ఇంగ్లండు రాణీగారే. గవర్నర్ జనరల్ ఆమె పేరు మీద సంతకాలు పెట్టేవారు. 1992లో, మళ్లీ అదే మార్చి 12న, రిపబ్లిక్ అయింది. ఇప్పటికీ ఆఖరి అప్పీలు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్‌కే వెళుతుంది. రాణిని వదిలారు గానీ ఆవిడ కోర్టును మాత్రం వదల్లేదు!

రెండోది, స్వాతంత్ర్యం కావాలని దేశమంతా ఒక్క గొంతుతో అడిగిందనుకోవడం. 1967 ఆగస్టు ఎన్నికల్లో అదే అసలు ప్రశ్న. శివసాగర్ రాంగులామ్ కూటమి గెలిచింది, నిజమే. కానీ వందలో నలభై మందికి పైగా అవతలి పార్టీకి ఓటేశారు. ఆ పార్టీ నాయకుడు గైతాన్ దువాల్, స్వాతంత్ర్యం వద్దని ఊరూరా తిరిగి ప్రచారం చేసినాయన. స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు తిరక్కుండా రాంగులామ్ ఆయన్ని పిలిచి విదేశాంగ మంత్రిని చేశారు. దేశం విడిగా ఉండకూడదన్న మనిషే ఆ దేశం తరఫున ప్రపంచమంతా తిరిగాడన్నమాట. ఈ దువాల్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మారిషస్ దీవిలో 20 నియోజకవర్గాలు, ఒక్కో దానికి ముగ్గురు సభ్యులు. రోడ్రిగ్స్ దీవికి ఇద్దరు. మొత్తం 62. మారిషస్ దీవి ఓటరు చేతికొచ్చే బ్యాలెట్ మీద మూడు గుర్తులు పెట్టాలి. ఒకటో రెండో పెట్టి ఊరుకుంటే ఆ ఓటు చెల్లదు. ఎన్నికల రోజుల్లో నేనక్కడ ఉన్నప్పుడు, కాత్ర్ బోర్న్‌లో మన తెలుగు వంశపు పెద్దాయన ఒకరు నాకిది వివరంగా చెప్పారు. ఇంట్లో సింహాద్రి అప్పన్న పటం, గోడ అవతల వీధంతా పార్టీ జెండాల తోరణాలు. ఆయనకొచ్చిన నాలుగు తెలుగు మాటలు, నాకొచ్చిన ఇంగ్లీషు కలిపి మాట్లాడుకున్నాం. డాల్ పూరీ చుట్టి తెచ్చిన కాగితం మడత విప్పి, దాని మీదే పెన్నుతో నాలుగు బొమ్మలు గీశారు. తాళంచెవి లేబర్ పార్టీది, హృదయం ఎంఎంఎం అనే పార్టీది, సూర్యుడు ప్రధానిగా చేసిన జగన్నాథ్ గారి ఎంఎస్ఎం పార్టీది, కోడిపుంజు దువాల్ పార్టీది. "చూడు బాబూ, మూడు ఓట్లు కదా. ఒకటి పార్టీకి, ఒకటి మా బావమరిదికి, ఒకటి మా ఆవిడ చెప్పినాయనకి" అన్నారు. మనకి ఒకే ఓటిచ్చి ఇంట్లో గొడవలు పెట్టారే అనిపించింది నాకు.

62 మంది గెలిచాక అసలు కథ మొదలవుతుంది. ఇంకో ఎనిమిది సీట్లదాకా ఉంటాయి. వాటికి ఎన్నిక లేదు. ఓడిపోయినవాళ్లలోంచి తీసుకుంటారు. జనమంతా వాళ్లను "బెస్ట్ లూజర్" అంటారు. రాజ్యాంగం జనాన్ని నాలుగు సమాజాలుగా విడదీసింది: హిందువులు, ముస్లింలు, చైనా సంతతివాళ్లు, ఈ మూడింటిలోకీ రానివాళ్లంతా "జనరల్ పాపులేషన్". మన తెలుగువాళ్లకు విడి గడి లేదు. తమిళులతో, మరాఠీలతో పాటు హిందూ గడిలోనే లెక్క. అసెంబ్లీలో మనవాళ్లెందరని ఎవరైనా అడిగితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

లెక్క ఇలా వేస్తారు. ఒక సమాజపు జనాభాను, దానికి అప్పటికే దక్కిన సీట్లకు ఒకటి కలిపి, ఆ సంఖ్యతో భాగిస్తారు. ఎవరి భాగఫలం పెద్దదైతే వాళ్లకే ఎక్కువ లోటు ఉన్నట్టు. ఆ సమాజంలో, పార్టీ టికెట్టు మీద నిలబడి ఓడిన వాళ్లలో ఎక్కువ శాతం ఓట్లు వచ్చినాయనకి సీటు. మొదటి నాలుగూ ఇలా పార్టీతో సంబంధం లేకుండా ఇస్తారు. తర్వాతి నాలుగింటితో, మొదటి నాలుగు సీట్ల వల్ల గెలిచిన పార్టీ ఆధిక్యం తగ్గితే దాన్ని సరిచేస్తారు. చమత్కారమేమిటంటే, ఇందులో వాడే జనాభా లెక్కలు 1972వి. ఆ తర్వాత జనగణనలో "మీదే సమాజం?" అనే ప్రశ్న తీసేశారు. మనుషులు మారారు, పెళ్లిళ్లు కలిశాయి, అంకెలు మాత్రం అక్కడే ఆగిపోయాయి.

ఈ ఏర్పాటు ఎవరి చలవో చెప్తాను. 1966లో బాన్‌వెల్ కమిషన్ అని ఒకటి వచ్చి ఎన్నికల పద్ధతి సిఫార్సు చేస్తే, దీవిలో పార్టీలు ఒప్పుకోలేదు. రాజీ కుదర్చడానికి బ్రిటిష్ సర్కారు జాన్ స్టోన్‌హౌస్ అనే జూనియర్ మంత్రిని పంపింది. ఈ ఎనిమిది సీట్ల పద్ధతికి ఇప్పటి రూపం ఆ రాజీలోనే వచ్చింది. అక్కడితో ఆయన కథ అయిపోలేదు. 1974 నవంబరులో ఈయనే మయామీ బీచ్‌లో బట్టలు విడిచిపెట్టి మాయమయ్యాడు. సముద్రంలో మునిగిపోయాడనుకున్నారు. చనిపోయిన వేరే మనుషుల పేర్లు వాడుకుని ఆస్ట్రేలియా చేరాడు. మెల్‌బోర్న్ పోలీసులు పట్టుకుంది కూడా మరొకరనుకుని! అప్పట్లో హత్య కేసులో పారిపోయిన లార్డ్ లూకన్ ఇతనేనేమో అని కాలు మీద మచ్చ వెతికారు. ఓడినవాళ్లను సభలో కూర్చోబెట్టే పద్ధతి కుదిర్చినాయన, తాను ఎంపీగా ఉంటూనే సభలో లేకుండా పోయాడు.

టైము తరిగిపోతోంది, మిగతావి గబగబా. ప్రధానమంత్రులు 1968 నుంచి ఇప్పటిదాకా ఐదుగురే. పెద్ద రాంగులామ్, పెద్ద జగన్నాథ్, చిన్న రాంగులామ్, బెరాంజే, చిన్న జగన్నాథ్. వారసత్వమని మనమే సిగ్గుపడతాం గానీ, అక్కడ అంతకంటే తక్కువేం లేదు. 2017లో పెద్ద జగన్నాథ్ రాజీనామా చేసి కొడుక్కి ప్రధాని పదవి అప్పగించారు, ఎన్నిక లేకుండా. దీనికి ఎదురుగా మంచి సంగతీ ఉంది. 2003లో, ముందుగా కుదుర్చుకున్న మాట ప్రకారం, పెద్ద జగన్నాథ్ పదవి దిగి పాల్ బెరాంజేకు ఇచ్చారు. హిందువు కాని మొదటి ప్రధాని ఆయనే. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం రాజకీయాల్లో అరుదు కాబట్టి చెప్పాను.

రాష్ట్రపతిని అసెంబ్లీ ఎన్నుకుంటుంది. రబ్బరు స్టాంపు పదవేగా అంటారా? 2002 ఫిబ్రవరిలో ఉగ్రవాద నిరోధక బిల్లు మీద సంతకం పెట్టనని కాసమ్ ఉతీమ్ రాష్ట్రపతి పదవికే రాజీనామా ఇచ్చారు. ఆయన స్థానంలోకి వచ్చిన ఉపరాష్ట్రపతి అంగిడి చెట్టియార్ కూడా పెట్టనని దిగిపోయారు. చివరికి తాత్కాలికంగా ఆ బాధ్యత చూసిన ప్రధాన న్యాయమూర్తి సంతకం చేశారు. బిల్లు చట్టమైంది. అయినా ఒక బిల్లు కోసం ఇద్దరు కుర్చీలు వదిలిపెట్టారంటే, ఆ పదవిని నేను స్టాంపు అనలేను.

మళ్లీ మన ఓడినవాళ్ల దగ్గరికి. నామినేషన్ పత్రంలో తమ సమాజం రాయమంటే రాయబోమని "రెజిస్టాన్స్ ఎక్ ఆల్టర్నేటివ్" అనే చిన్న పార్టీ మొండికేసింది. వాళ్ల నామినేషన్లు చెల్లలేదు. కోర్టులు తిరిగి, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్లారు. 2012లో ఆ కమిటీ, పాత జనాభా లెక్కలు పట్టుకుని సమాజం ప్రకటించమని బలవంతం చేయడం సబబు కాదంది. 2014 ఎన్నికలకు మాత్రం ఆ నిబంధనను తాత్కాలికంగా సడలించారు. ఆ పోరాటంలో ముందున్న అశోక్ సుబ్రాన్ 2024లో మంత్రి అయ్యారు.

నా అభిప్రాయం అడిగితే, మనుషుల్ని నాలుగు గడుల్లో పెట్టడం నాకు నచ్చదు. కానీ ఆ ఎనిమిది కుర్చీలు తీసేస్తే ఏమవుతుందో 1982 చెబుతుంది. ఆ ఏడు దీవిలో ఉన్న 60 సీట్లూ ఒకే కూటమి ఊడ్చేసింది, స్వాతంత్ర్యం తెచ్చిన రాంగులామ్ సొంత నియోజకవర్గంలోనే ఓడారు. 1995లో మళ్లీ 60కి 60. అప్పుడు ప్రతిపక్ష నాయకుడిగా కూర్చుంది ఎవరనుకున్నారు? బెస్ట్ లూజర్‌గా వచ్చిన గైతాన్ దువాల్! అక్కడ ప్రతిపక్ష నాయకుడిది రాజ్యాంగంలో రాసిన పదవి, ముఖ్యమైన నియామకాలకు ఆయన్ని సంప్రదించాల్సిందే. 2024 నవంబరులో మూడోసారి 60కి 60 వచ్చింది. ఈసారి కూడా ప్రతిపక్ష నాయకుడైంది బెస్ట్ లూజరే, జో లెజోంగార్. ఆయనతో పాటు ఆ దారినే సభలోకి వచ్చిన మరొకరు ఏడ్రియన్ దువాల్, మన గైతాన్‌గారి మనవడు.

రోడ్రిగ్స్ దీవి స్వయంపాలన గురించి చెప్పనేలేదు, స్టూడియోలో ఎర్ర దీపం వెలిగింది.