పలకయు మెదడును



పొదిలి సీమవారికి పలకను గూర్చి యొకరు చెప్పనక్కరలేదు. మార్కాపురపు పలకలపై ఎన్నియో బడులలోని బిడ్డలు అక్షరములు దిద్దిరి. ఆ పలకలను చేసిన చేతులలో బడికి పోని పసిచేతులును ఉండెను. 1996వ సంవత్సరమున బాలకార్మికులను గూర్చి తీర్పు చెప్పుచు సుప్రీముకోర్టు పేరు పెట్టి చూపిన పరిశ్రమలలో మార్కాపురపు పలకల పరిశ్రమ యొకటి. బిడ్డ బడి విడుచుటకు దారిద్ర్యమే ప్రథమ కారణము, సందేహము లేదు. కాని "వీడు మొద్దు, వీనికి చదువు రాదు" అను మాటయు దానికి తోడగుచుండును. నేను మాటాడదలచినది ఆ మాటను గూర్చియే.

మెదడు పుట్టుకతో బిగిసిన రాయి కాదు. అభ్యాసము వలన నాడీకణముల నడుమ సంబంధములు బలపడునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మిక్కిలి భయము కలిగినపుడు లెక్కను మనసులో నిలుపుకొను శక్తి తగ్గును. కావున బెత్తము నెదుట ఎక్కము మరచిన బిడ్డ సోమరి కాడు. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము, 17వ విభాగమున, దండనను మానసిక హింసను నిషేధించినది. చట్టమెరిగిన కొందరికి సయితము బెత్తముపై మమకారము వీడలేదు. అది వేరు సంగతి.

2006లో రోడిగర్, కార్పికీ అను అమెరికా పండితులు కళాశాల విద్యార్థులలో ఒక జట్టుచే పాఠమును నాలుగు పర్యాయములు చదివించిరి. వేరొక జట్టు ఒకమారు చదివి, మూడుమార్లు చూడక జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసెను. అయిదు నిమిషములకు చదివినవారిదే పైచేయి. వారము గడచిన పిమ్మట వారికి నూటికి 40 పాళ్లు, వ్రాసినవారికి 61 పాళ్లు జ్ఞాపకముండెను. వల్లెవేయుటయే చదువనుకొను మనకిది వినదగిన వార్త.

దీనికి యంత్రములేల? పలకయు బలపమును చాలును. ఉపాధ్యాయుడు నిన్నటి పాఠమునుండి యొక ప్రశ్న వేయవలెను. బిడ్డలందరు పుస్తకము మూసి, వ్రాసి, పలకలెత్తి చూపవలెను. 52లోనుండి 27 తీసివేయుమన్న, ఒకడు 35 అని వ్రాసెననుకొందము. కసరక, "ఎట్లు చేసితివి నాయనా?" అని యడిగినచో, "ఏడులో రెండు తీసితిని" అనును. వానికి తీసివేత వచ్చును. పదులనుండి అప్పు తెచ్చుటయే రాదు. పది పుల్లల కట్ట నొకదానిని చేతికిచ్చి, రెండు పుల్లలలోనుండి ఏడెట్లు తీయుదువో చూడుమన్న, కట్ట విప్పవలెనని వానికే తోచును. పలక తుడిచి మరల వ్రాయును.

మన సంఘము ప్రథమశ్రేణిలో నెగ్గినవారికి బహుమతు లొసగుచున్నది, సంతోషము. ఆ ద్రవ్యములో కొంత వెనుకబడిన బిడ్డల సాయంకాల పాఠములకు కేటాయింపుడని పోషకులను ప్రార్థించుచున్నాను. బోధించువారు బెత్తము పట్టరాదని నియమముండవలెను. పొదిలిలో నొక గదియు, ముప్పది పలకలును సమకూరినచో రాబోవు జూను మాసముననే ఆరంభింపవచ్చును.