రోగికి నిజము చెప్పవచ్చునా?



మన యిండ్లలో నెవరికైన పెద్దజబ్బు సోకినదని యనుమానము కలిగినప్పుడు, రోగిని వెలుపల కూర్చుండబెట్టి, మనము లోపలికి పోయి తలుపు మూసి వైద్యునితో మాటలాడుదుము. ఆ తలుపును గురించియే నేడు ముచ్చటింపదలచితిని. నేనును దానిని మూసినవాడనే.

ధర్మవరమున మగ్గము నేయు బాల్యమిత్రు డొకడు నాకుండెను. కడుపునొప్పి మానకపోగా, అతని కుమారులును నేనును అతనిని బెంగుళూరికి తీసికొనిపోయితిమి. క్యాన్సరు కాలేయమునకు ప్రాకినదనియు, కొలది నెలలకంటె నాశ లేదనియు వైద్యుడు మాకు చెప్పెను, అతనికి చెప్పలేదు. కుమారులు నా చేతులు పట్టుకొని, "అయివారూ, మీ మాటయైతే నాయన నమ్మును. పుండని చెప్పండి" అని వేడుకొనిరి.

తిరుగుబండి హిందూపురము దాటెను. పెనుకొండ కోట కనబడుచుండగా నతడు, "ఏమప్పా, నీవు అబద్ధమాడవు. నాకేమయినది?" అని యడిగెను. ముప్పది యేండ్లు పిల్లలకు హరిశ్చంద్రుని కథ చెప్పిన నోటితోనే "పుండు, మందులతో మానును" అంటిని.

మూడవ నెలలో నతడు పోయెను. కర్మాంతరమున నొక వితంతువు వచ్చి, కూతురి పెండ్లికని ముప్పదివేల రూపాయలు అతనియొద్ద దాచితినని చెప్పెను. పత్రము లేదు, సాక్షి లేడు. కుమారులు చెడ్డవారు కారు, కాని నమ్మలేకపోయిరి. సగమే యిచ్చిరి. తక్కినది నా పింఛనునుండి తీర్చితిని. తనకు కాలము లేదని తెలిసియుండిన నతడు ఆ మాట చెప్పక పోవునా?

శాస్త్రము మౌనమునే విధించినది కదాయని పండితమిత్రులు నన్నూరడించిరి. చరకసంహితలో ఇంద్రియస్థానపు చివరి అధ్యాయమున ఆ మాట యున్నమాట నిజమే. మరణచిహ్నములు కనబడినను వైద్యు డడుగనిదే చెప్పరాదు. అడిగినను, రోగికిగాని యితరులకుగాని కీడు కలుగునెడ చెప్పరాదు. కాని యిది మరణమును ముందుగా చాటుటను గురించిన నియమము. లేని పుండును కల్పింపుమని చరకు డెచ్చటను చెప్పలేదు. మౌనము వేరు, అసత్యము వేరు. నే నడుగబడియే అసత్యమాడితిని.

ఇక నేటి ధర్మము. వైద్యుల నడవడికై 2002లో వైద్యమండలి చేసిన నిబంధనలు, రోగతీవ్రతను పెంచియు తగ్గించియు చెప్పరాదనుచున్నవి. కోరిన 72 గంటలలో వైద్యపత్రము లీయవలెననుచున్నవి. అయితే రోగస్థితి రోగికి, బంధువులకు, లేక బాధ్యతగల మిత్రులకు తెలియవలెనని యందున్నది. వ్యాకరణము చదివినవాడను గనుక నాకా 'లేక' గ్రుచ్చుకొనును. మన యింటి యబద్ధమంతయు నా వికల్పములోనే దూరినది.

సుప్రీముకోర్టు 2008లో నింకను గట్టిగా పలికెను. ఢిల్లీలో పరీక్షకై మత్తుమందిచ్చిన యొక స్త్రీకి తల్లి యనుమతితో గర్భాశయమును తొలగించిరి. తక్షణ ప్రాణాపాయము లేనప్పుడు తల్లి యనుమతియు చెల్లదనియు, చికిత్స స్వరూపమును, లాభనష్టములను రోగికే వివరింపవలెననియు తీర్పు వచ్చెను.

తెలిసికొన నొల్లనివారును కలరు. మా మేనత్త "నాకేమియు చెప్పవద్దు, మీరే చూచుకొనుడు" అనెను. అదియు నామె హక్కే. కావున ముందుగా రోగినే యడుగవలెను: "నీ సంగతి నీకు చెప్పుమందువా, నీవారికి చెప్పుమందువా?" ఈ ప్రశ్న కరగడియ పట్టదు. మే మా నాడు వేయలేదు.

గతమాసమున హిందూపురములో నా రక్తపరీక్ష కాగితమును చూచిన వైద్యుడు మా పెద్దవానిని లోపలికి రమ్మనెను. నేనును కఱ్ఱ పట్టుకొని లేచి, వాని వెంట లోపలికి పోతిని.